కెమెరా ఓకే అన్నంత మాత్రాన గ్లూ ఓకే అయిపోదండీ

ఎడిటర్ గారికి నమస్కారం.

ఎలక్ట్రానిక్స్ తయారీ లైన్ల గురించి మీ పేపర్లో వచ్చిన కథనం చదివా. బాగానే ఉంది, కానీ గ్లూ డిస్పెన్సింగ్ (బోర్డుల మీదా పార్టుల మీదా కొలిచి గ్లూ వేసే పని) గురించి ఉన్న చిన్న పేరా మాత్రం మింగుడుపడలేదు. మెషినే వేస్తుంది, పైనుంచి కెమెరా చూస్తుంది, ఇంక తప్పు జరగడానికి వీల్లేదు అన్న అర్థం వచ్చేలా రాశారు. డిస్పెన్సింగ్ ప్రాసెస్ చూసుకోవడమే నా ఉద్యోగం, అందుకే ఈ ఉత్తరం. కాస్త పెద్దదే అయింది, ఎక్కడైనా కత్తిరించుకోండి గానీ తూకం గురించి రాసిన ముక్క మాత్రం ఉంచండి.

ముందు గ్లూ ఎక్కడెక్కడ ఉంటుందో చెప్తా, ఎందుకంటే సర్క్యూట్ బోర్డు అనగానే చాలామందికి సోల్డరింగే గుర్తొస్తుంది. ఫోన్ స్క్రీన్‌ని ఫ్రేముకి పట్టి ఉంచేది గ్లూ, నీళ్లు లోపలికి పోకుండా ఆపేదీ చాలాచోట్ల అదే, కెమెరా లెన్స్ ఫోకస్ కుదిరిన చోటు నుంచి మైక్రాన్లలో కూడా కదలకుండా నిలబెట్టేది గ్లూ, వేవ్ సోల్డరింగ్‌కి వెళ్లే బోర్డు అడుగు వైపున్న చిన్న రెసిస్టర్లూ కెపాసిటర్లూ కరిగిన సోల్డర్‌లోకి రాలిపోకుండా పట్టుకునేది ఎర్ర గ్లూ. ఇక చిప్ కింద ఖాళీని నింపే అండర్‌ఫిల్ సంగతి వేరే లెవెల్. ఒక డిగ్రీ వేడెక్కితే సిలికాన్ పది లక్షల్లో సుమారు 3 వంతులు సాగుతుంది, కింద ఉన్న ఫైబర్‌గ్లాస్ బోర్డు 14 నుంచి 17 వంతులు సాగుతుంది, వేడెక్కినప్పుడల్లా చల్లారినప్పుడల్లా ఈ తేడా లాగుడంతా మధ్యలో ఉన్న సోల్డర్ బాల్స్ మీద పడుతుంది, ఆ భారాన్ని చిప్ అంతటికీ పంచడానికే అండర్‌ఫిల్ పోస్తారు. అది ఒక మూల నిండకపోయినా ఆ రోజు టెస్టులో బోర్డు శుభ్రంగా పాసైపోతుంది, కరెంటు వెళ్తుంది, సిగ్నల్ వస్తుంది, అన్నీ బాగానే ఉంటాయి. నెలల తర్వాత ఎవరి చేతిలోనో పోతుంది, సర్వీస్ వాళ్లు సోల్డర్ క్రాక్ అని రాసేస్తారు, గ్లూ పేరు ఎక్కడా బయటికి రాదు.

ఎక్స్‌రేలో చూస్తే సరిపోతుంది కదా అని అడుగుతారు. ఎక్స్‌రేలో సోల్డర్ నల్లగా కనబడుతుంది, అండర్‌ఫిల్‌గా పోసే మామూలు ఎపాక్సీ గ్లూ ఉన్నా లేనట్టే ఉంటుంది. చిప్ కింద అండర్‌ఫిల్‌లో బుడగలు దొరకాలంటే శబ్ద తరంగాలతో చూసే అకౌస్టిక్ మైక్రోస్కోప్ కావాలి, దానికి బోర్డుని నీళ్లలో పెట్టాలి, టైం పడుతుంది, ప్రతి బోర్డుకీ ఎవరూ చేయరు. పైగా క్యూరింగ్ అయిపోయిన, అంటే గట్టిపడిపోయిన అండర్‌ఫిల్ ఊడదీసి మళ్లీ పోయడం చాలా రకాల్లో కుదరదు, బోర్డు స్క్రాపే. అంటే చివర్లో పట్టుకుందాంలే అనుకునే వీలు ఈ పనిలో దాదాపు లేదు.

ఇప్పుడు కెమెరా దగ్గరికి వద్దాం. పైనుంచి చూసే కెమెరా చెప్పేది చుక్క పడిందా లేదా, చోటు సరిగ్గా ఉందా, ఎంత వెడల్పుంది, ఇంతే. ఎంత ఎత్తుందో దానికి తెలీదు. చుక్క అరగోళంలా ఉందనుకుని లెక్కేయండి, వ్యాసంలో 10 శాతం తగ్గితే చాలా చోట్ల కెమెరా పాస్ చేస్తుంది, కానీ గ్లూ పరిమాణం వ్యాసానికి ఘనంగా మారుతుంది కాబట్టి అక్కడున్న గ్లూ 73 శాతమే, అదే వ్యాసం 10 శాతం పెరిగితే 133 శాతం. మానిటర్ మీద మాత్రం రెండూ పచ్చగానే వెలుగుతాయి. లైనులా వేసే బీడ్ అయితే మరీ దారుణం, వెడల్పు అంతే ఉండి ఎత్తు సగమైతే గ్లూ కూడా సగమే, కెమెరాకి ఏ తేడా ఉండదు. పారదర్శకంగా ఉండే గ్లూ అయితే అసలు కనబడేదే తక్కువ, అందుకే కొన్నింట్లో యూవీ లైట్ కింద మెరిసే రంగు కలుపుతారు. ఎత్తు కూడా కొలిచే లేజర్ స్కానర్లు ఉన్నాయి, మంచివే, కానీ ప్రతి లైన్‌లో ఉండవు, ఉన్నా మెరిసే గ్లూ మీదా పారదర్శకమైన గ్లూ మీదా లేజర్ తడబడుతుంది.

మరి గ్లూ ఎందుకు మారుతుంది, మెషిన్ ఒకటే, ప్రోగ్రామ్ ఒకటే కదా అంటారా. సిరంజిలోకి గాలి ప్రెషర్ ఇంత సేపు పంపి గ్లూ తోసే టైం-ప్రెషర్ పద్ధతే తీసుకోండి, బాగా చవక కాబట్టి చాలాచోట్ల అదే. సిరంజి నిండుగా ఉన్నప్పుడు గ్లూ పైన గాలికి చోటు తక్కువ, ప్రెషర్ వెంటనే ఎక్కుతుంది, సిరంజి ఖాళీ అయ్యేకొద్దీ ఆ చోటు పెరుగుతుంది, గాలి నొక్కుకుపోయే పదార్థం కాబట్టి అదే టైంలో అంతే ప్రెషర్ గ్లూ మీదికి రాదు, చుక్క చిన్నదవుతుంది. కొత్త సిరంజి పెట్టగానే మళ్లీ పెద్దదవుతుంది. ఆపరేటర్ ఏమీ చేయలేదు, మెషిన్ ఏమీ తప్పలేదు, అయినా గ్లూ మారిపోయింది. స్క్రూ వాల్వ్, పిస్టన్ వాల్వ్, జెట్ వాల్వ్ లాంటివి ఈ గొడవ తగ్గిస్తాయి, కానీ వాటి గొడవలు వాటికున్నాయి, స్క్రూ అరుగుతుంది, జెట్‌లో నాజిల్ చివర గ్లూ పేరుకుంటే చుక్క పక్కన తుంపర్లు పడతాయి, ఆ తుంపర ప్యాడ్ (సోల్డర్ పట్టాల్సిన లోహపు చోటు) మీద పడిందా, అక్కడ సోల్డర్ పట్టదు.

నీడిల్ గురించి ఒక లెక్క చెప్తా, కొత్తగా చేరిన పిల్లలకి ఎప్పుడూ చెప్పేదే. సన్నటి గొట్టంలోంచి పారే ద్రవం గొట్టం వ్యాసార్థానికి నాలుగో ఘాతంలో మారుతుంది, పాయిజాయ్ సూత్రం. నీడిల్ లోపలి వ్యాసం 10 శాతం తగ్గితే ప్రవాహం మూడో వంతుకి పైగా పడిపోతుంది. గ్లూ సూత్రానికి అచ్చంగా లొంగదు లెండి, టూత్‌పేస్ట్‌లా నొక్కితే కదిలి వదిలేస్తే ఆగిపోయే రకం ఎక్కువ, కానీ దిశ మాత్రం ఇదే. నీడిల్ లోపల గోడకి పలచగా పొర కట్టిందంటే చాలు. అలాగే నీడిల్ బోర్డుకి ఎంత ఎత్తులో ఆగుతుందన్నది, మామూలుగా లోపలి వ్యాసంలో సగం దగ్గర మొదలుపెట్టి చూస్తారు, మరీ కిందికి దిగితే గ్లూ నీడిల్ చుట్టూ పైకి ఎక్కి పక్క చుక్కని పాడు చేస్తుంది, మరీ పైనుంటే చుక్క బోర్డుకి సరిగ్గా అంటక తోక సాగుతుంది. బోర్డు వంకర ఉంటే ఒకే బోర్డులో రెండూ జరుగుతాయి, లేజర్‌తో ఎత్తు కొలిచి దిగే మెషిన్లు అందుకే.

చిక్కదనం మాటకొస్తే, ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. పాట్ లైఫ్ అని ఒక మాట ఉంది, గ్లూ చిక్కదనం మొదట ఉన్నదానికి రెట్టింపయ్యే టైమునే చాలా డేటా షీట్లలో పాట్ లైఫ్ అంటారు. లైన్‌లో మాత్రం దాన్ని ఎక్స్‌పైరీ డేట్‌లా చదువుతారు, ఎనిమిది గంటలు రాసుంటే ఏడున్నర గంటల దాకా గ్లూ కొత్తదానితో సమానం అని. చిక్కదనం రెట్టింపైతే అదే ప్రెషర్, అదే టైంకి బయటికొచ్చేది సుమారు సగం అండీ! గ్లూ గుణం పోలేదు, అంటుకుంటుంది, గట్టిపడుతుంది, కానీ పడే మొత్తం పొద్దున్నుంచీ మెల్లగా తగ్గుతూనే వస్తోంది. రూం టెంపరేచర్ మారినా ఇదే కథ, గది వేడెక్కితే గ్లూ పలచబడి ఎక్కువ పడుతుంది, అందుకే మంచి వాల్వులకి హీటర్ పెట్టి గది వేడి కన్నా కొంచెం పైన ఒకేచోట నిలబెడతారు.

అందుకే తూకం. పని మొదలెట్టేముందు, సిరంజి మార్చాక, నీడిల్ మార్చాక, బ్రేక్ తర్వాత, గ్లూ పాట్ లైఫ్‌లో మధ్య మధ్యన, ఇంత గ్లూ తూకం పళ్లెంలో వేసి చూడాలి. ఒక చుక్క మిల్లీగ్రాములో ఎంతో కొంత వంతు ఉంటుంది, దాన్ని ఒక్కదాన్నే తూస్తే గాలి తగిలినా ముల్లు కదులుతుంది, కాబట్టి వంద చుక్కలు వేసి తూచి వందతో భాగిస్తారు. ఇందులో ఒక కిటుకు ఉంది, సరాసరి బాగుందంటే ప్రతి చుక్కా బాగున్నట్టు కాదు, బుడగ వచ్చి ఒక చుక్క పడకపోతే సరాసరిలో ఒక్క శాతమే తగ్గుతుంది, తూకం దాన్ని పట్టుకోలేదు. అది పట్టుకోవాల్సింది కెమెరా. అంటే కెమెరా ఉందా లేదా, ఎక్కడ పడిందీ చూడాలి, తూకం ఎంతన్నది చూడాలి, ఒకదాని పని ఇంకోదానికి అప్పగిస్తే రెండూ గుడ్డివే. మీ కథనంలో కెమెరా ఉంది, తూకం మాటే లేదు, నా బాధంతా అదే.

తూచడం మొదలెట్టాక ఇంకో రోగం వస్తుంది. నంబర్ రెండు శాతం తక్కువ రాగానే ప్రెషర్ నాబ్ కాస్త తిప్పుతారు, తర్వాత రెండు శాతం ఎక్కువ రాగానే వెనక్కి తిప్పుతారు, రోజంతా ఇదే, చాలా శ్రద్ధగా పనిచేస్తున్నట్టు కనబడుతుంది కూడా. ఏ ప్రాసెస్‌లోనైనా సహజంగా ఉండే చిన్న ఊగిసలాటకి ప్రతిసారీ స్పందిస్తే ఊగిసలాట తగ్గదు, పెరుగుతుంది. క్వాలిటీ నిపుణుడు ఎడ్వర్డ్స్ డెమింగ్ గరాటులోంచి గోళీలు వేసి చూపించింది ఇదే, గోళీ ఎంత పక్కకి పడిందో గరాటుని ఉన్నచోటు నుంచి అంతే ఎదురువైపుకి జరుపుకుంటూ పోతే చెదురు (లెక్కల్లో వేరియన్స్ అనేది) రెట్టింపవుతుంది. ఎప్పుడు ముట్టుకోవాలి, ఎప్పుడు చేతులు కట్టుకుని కూర్చోవాలి అని చెప్పడానికే, కొలతల్ని హద్దు గీతల మధ్య గుర్తుపెట్టే కంట్రోల్ చార్ట్ ఉంది, 1924లో వెస్ట్రన్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తూ వాల్టర్ షూహార్ట్ గీసింది, ఆ కంపెనీ తయారు చేసేది టెలిఫోన్ సామానే, అంటే మన వృత్తిలోనే పుట్టిన పనిముట్టు అది. వందేళ్లు దాటినా చాలా లైన్లలో చార్టు ఆడిట్ రోజున గోడకి అంటించే కాగితంగానే ఉంది.

కొత్త మెషిన్లు ఇంకో అడుగు ముందుకేశాయి, అవే తూచుకుని అవే ప్రెషర్ సరిచేసుకుంటాయి. మేనేజర్లకి ఇది బాగా నచ్చుతుంది, తూకం గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది కాబట్టి. నేనైతే అలాంటి మెషిన్ దగ్గర తూకం చార్టు కన్నా ప్రెషర్ చార్టు ముందు చూస్తా. తూకం కదలకుండా ఉండి ప్రెషర్ మాత్రం గంట గంటకీ ఎక్కుతూ పోతోందంటే లోపల ఏదో జరుగుతోంది, గ్లూ చిక్కబడుతోందో, నీడిల్ పూడుతోందో, వాల్వ్ సీల్ పోతోందో, మెషిన్ దాన్ని కప్పిపుచ్చుతూ లాక్కొస్తోంది. అది ఎక్కగలిగినంత ఎక్కి ఒకేసారి చేతులెత్తేస్తుంది, అప్పుడు లైన్ ఆగాక అందరూ మెషిన్‌ని తిడతారు. మెషిన్ పొద్దున్నుంచీ ప్రెషర్ నంబర్ చూపిస్తూనే ఉంది, చూసినవాళ్లే లేరు.

అసలు సగం గొడవ సిరంజి మెషిన్ ఎక్కకముందే జరుగుతుంది. ఒకే భాగంగా వచ్చే ఎపాక్సీలు కొన్ని 2 నుంచి 8 డిగ్రీల ఫ్రిజ్‌లో, ముందే కలిపి గడ్డకట్టించిన రకాలు మైనస్ 40 డిగ్రీల్లో ఉంచాలి. బయటికి తీశాక నిలువుగా నిలబెట్టి, మూత తీయకుండా, రూం టెంపరేచర్‌కి దానంతటది రావాలి. చల్లగా ఉండగానే మూత తీస్తే గాల్లో తేమ గ్లూ మీద నీరై కూర్చుంటుంది, ఓవెన్‌లో ఆ నీరే బుడగవుతుంది. తొందరని హాట్ ప్లేట్ దగ్గర పెడితే ఒకవైపు క్యూరింగ్ మొదలైపోతుంది. సగం వాడింది మళ్లీ ఫ్రీజర్‌లో పెట్టకూడదు, ఎప్పుడు బయటికి తీశారో, ఎప్పటికి పారేయాలో సిరంజి మీదే రాయాలి. ఇంత మామూలు విషయాలు, వీటికి డిగ్రీ అక్కర్లేదు, కావాల్సింది ఒక గంట ముందు సిరంజి బయటికి తీయాలని ప్లాన్‌లో రాసి ఉండటం. నేను చూసిన ఒక లైన్‌లో ప్లానింగ్ షీట్‌లో మోడల్ మార్పుకి టైం ఉండేది, గ్లూ కరగడానికి ఉండేది కాదు, దాంతో ప్రతి మార్పుకీ హడావుడే.

బ్రేక్ కూడా అంతే. గాల్లో తేమతో గట్టిపడే పాలీయురేథేన్ గ్లూ ఐతే లైన్ ఆగిన కాసేపట్లో నీడిల్ చివర తోలు కడుతుంది, యూవీ గ్లూ అయితే మామూలు ట్యూబ్ లైట్, కిటికీ వెలుతురు తగిలినా చివర చిక్కబడుతుంది. తిరిగొచ్చాక పర్జ్ చేసి, అంటే నీడిల్‌లో ఉన్న కాస్త గ్లూ బయటికి తోసి పడేసి, తూచి, అప్పుడు బోర్డు మీద వేయాలి. పర్జ్ చేసిన గ్లూ వేస్టేజ్ కింద రాస్తారు, తూచిన ఐదు నిమిషాలు డౌన్‌టైం కింద రాస్తారు, షిఫ్ట్ చివర ఈ రెండు నంబర్లు పెరిగితే ఇన్‌చార్జికి అక్షింతలు. వేసిన గ్లూ సరిగ్గా ఉందా అన్న నంబర్‌కి ఆ మీటింగ్‌లో చోటే ఉండదు. ఇలాంటి లెక్కలు పెట్టి ఆపరేటర్ తూకం ఎందుకు ఎగ్గొట్టాడని అడగడం నాకైతే అన్యాయంగానే అనిపిస్తుంది, ఎగ్గొడితే మెచ్చుకునే పద్ధతి పెట్టింది మనమే కదా.

మిగతావి గబగబా చెప్పేస్తా. రెండు భాగాలు కలిపే గ్లూ అయితే మిక్సర్ చివర వచ్చిన మొత్తం తూచితే చాలదు, రెండు భాగాల్నీ విడివిడిగా తూచి నిష్పత్తి చూడాలి, మొత్తం సరిగ్గా ఉండి నిష్పత్తి తప్పితే గ్లూ ఎప్పటికీ మెత్తగానే ఉంటుంది. గ్లూ అంటుకోవాల్సిన ఉపరితలం మీద మోల్డ్ రిలీజ్ (పార్టు అచ్చులోంచి సులువుగా ఊడేందుకు పూసేది), సిలికాన్ నూనె, వేలిముద్ర ఉంటే ఎంత కొలిచి వేసినా పెచ్చులా ఊడుతుంది, డైన్ పెన్‌తో ఒక గీత గీస్తే తెలిసిపోతుంది, గీత ముడుచుకుని చుక్కలైందంటే ఆ ఉపరితలం గ్లూని దగ్గరికి రానివ్వట్లేదని. యూవీ ల్యాంప్ వెలుగుతోందంటే సరిపడా వెలుగుతోందని కాదు, వాడేకొద్దీ శక్తి తగ్గుతుంది, రేడియోమీటర్‌తో కొలవాలి, పార్ట్ నీడలో పడిన గ్లూకి ఎంత వెలుగైనా అందదు. ఓవెన్ స్క్రీన్ మీద 150 చూపిస్తే గ్లూ దగ్గర 150 ఉన్నట్టు కాదు, బరువైన పార్టు పక్కన ఉన్న చుక్క ఆలస్యంగా వేడెక్కుతుంది, థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) అక్కడే అంటించి, వేడి ఎప్పుడెంత ఉందో ప్రొఫైల్ తీయాలి.

ఎడిటర్ గారూ, నేను అడిగేది పెద్దదేం కాదు. ఈసారి మీ రిపోర్టర్ ఏదైనా అసెంబ్లీ లైన్‌కి వెళ్తే రోబో చెయ్యి ఫొటో తీసుకున్నాక గ్లూ మెషిన్ దగ్గర నిలబడి మూడు ప్రశ్నలు అడగమనండి: ఇవాళ ఆఖరిసారి ఎప్పుడు తూచారు, ఆ నంబర్ ఎంత వచ్చింది, హద్దు దాటి వచ్చుంటే అప్పటికే వేసేసిన బోర్డుల్ని ఏం చేసేవాళ్లు. మూడోదానికి వెంటనే జవాబు వస్తే ఆ లైన్ గురించి ఎంత గొప్పగా రాసినా నాకు అభ్యంతరం లేదు. అలాగే ఇది చదివే ప్లాంట్ మేనేజర్లు ఎవరైనా ఉంటే, గ్లూ కరిగే టైమూ, పర్జూ, తూకమూ డౌన్‌టైం కాలమ్‌లోంచి తీసేసి సైకిల్ టైం ప్లాన్‌లోనే కలపండి, గంటకి వచ్చే బోర్డుల టార్గెట్ దాన్ని బట్టే వేయండి. ఒక నెల అలా చేసి రీవర్క్ రిజిస్టర్, కస్టమర్ రిటర్న్స్ పక్కపక్కన పెట్టి చూసుకోండి, రిటర్న్స్ వెంటనే తగ్గవు, ముందే చెప్పినట్టు గ్లూ తప్పులు నెలల తర్వాత తేలతాయి, కాబట్టి ఆ రెండో రిజిస్టర్‌కి కనీసం ఏడాది టైం ఇవ్వండి.

ఇట్లు,
మీ పాఠకుడు,
డిస్పెన్సింగ్ లైన్ ప్రాసెస్ ఇంజినీర్